రెండు లూప్‌లు దాటి బయటపడే దారి

ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదటి ఏడాదిలోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. లూప్ లోపల లూప్ నడుస్తుంటుంది. వెతుకుతున్నది లోపలి లూప్‌లో దొరుకుతుంది. ఇక రెండూ ఆగిపోవాలి. కానీ బ్రేక్ అని రాస్తే లోపలిది మాత్రమే ఆగుతుంది, బయటిది తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది.

పాతబస్తీ పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు నేను చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్‌బజార్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. ఆకుపచ్చ లక్క గాజులు, రెండు-నాలుగు కొలతవి కావాలి. బజారు మొత్తం వెతకాలి. ప్రోగ్రాం ఇలా ఉంటుంది:

ఒక్కొక్క దుకాణానికీ వెళ్లు
    ఆ దుకాణంలో ఒక్కొక్క అర చూడు
        ఆ అరలో ఒక్కొక్క జత చూడు
            రంగు, కొలత కుదిరితే బ్రేక్

ఈ బ్రేక్ దేన్ని ఆపుతుంది? జతలు చూడడాన్ని ఆపుతుంది, అంతే. గాజులు దొరికాక కూడా ప్రోగ్రాం పక్క అరకు వెళ్తుంది, ఆ తర్వాత పక్క దుకాణానికి వెళ్తుంది, గల్లీ చివరిదాకా వెళ్తుంది. మనం కోరింది మూడు లూప్‌లనూ ఒకేసారి వదిలేయడం. దీనికి ఏ భాష ఏం దారి చూపింది, ఆ దారుల్లో ఏది మంచిది అన్న చర్చ అరవై ఏళ్లుగా సాగుతోంది. ఆ చర్చకు గణితంలో పునాది వేసినవారిలో ఒక తెలుగాయన ఉన్నారు. మన తరగతి గదుల్లో ఆయన పేరు ఈ పాఠం దగ్గర వినిపించదు. ఆ లోటు నన్ను బాధిస్తుంది, అందుకే ఆయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదట్లో ఇది సమస్యే కాదు. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్‌లో గోటూ ఉంది. ఎన్ని లూప్‌ల లోపల ఉన్నా గోటూ రాసి కావలసిన లైనుకు వెళ్లిపోవచ్చు. అయితే అదే గోటూతో వెనక్కీ వెళ్లొచ్చు, ముందుకీ వెళ్లొచ్చు, ఎక్కడినుంచి ఎక్కడికైనా దూకొచ్చు. ఒక లైను చూసి, ఇక్కడికి ఏ దారిన వచ్చామో చెప్పలేని పరిస్థితి వచ్చింది. 1968 మార్చిలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా గోటూ హానికరమంటూ రాసిన లేఖ ఆ పరిస్థితి మీద వచ్చిందే. లేఖకు ఆ ప్రసిద్ధమైన శీర్షిక పెట్టింది మాత్రం అప్పటి సంపాదకుడు నిక్లాస్ విర్త్. అంతకు రెండేళ్ల ముందే, 1966లో, ఇటలీకి చెందిన బోమ్, జాకోపిని ఒక సిద్ధాంతం ప్రచురించారు. ఏ ప్రోగ్రామునైనా మూడు నిర్మాణాలతో, అంటే వరస, ఎంపిక, పునరావృతం అనే వాటితో రాయవచ్చని దాని సారం. ఈ రెండూ కలిసి స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ అనే ఉద్యమానికి బలం ఇచ్చాయి. లూప్‌కు ఒకటే ప్రవేశం, ఒకటే నిష్క్రమణ ఉండాలన్న నియమం పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది.

అయితే బోమ్, జాకోపినిల పద్ధతికి ఒక ఖర్చు ఉంది. అసలు ప్రోగ్రాంలో లేని కొత్త వేరియబుల్స్‌ను చేర్చుకోవాలి. మనవాళ్లు ఫ్లాగ్ అనేది అదే. "దొరికింది" అనే ఫ్లాగ్ పెట్టి, మొదట అబద్ధం అని ఉంచి, గాజులు కనిపించగానే నిజం అని మార్చి, మూడు లూప్‌ల షరతుల్లోనూ దాన్ని అడుగుతూ ఉండాలి. గాజులకూ బజారుకూ ఆ వేరియబుల్‌తో సంబంధం లేదు. ప్రోగ్రాం ఎక్కడ ఉందన్న సంగతిని కాసేపు దాచుకోవడానికే అది పుట్టింది. ఆ ఖర్చు తప్పనిసరా? ఫ్లాగ్ లేకుండా, గోటూ లేకుండా, అదే పని చేయలేమా?

ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఇచ్చినవారు కొసరాజు సాంబశివరావు. ప్రపంచానికి ఎస్. రావు కొసరాజు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. గ్రాఫ్‌లలో గట్టిగా ముడిపడ్డ భాగాలను రెండు డెప్త్ ఫస్ట్ సెర్చ్‌లతో కనిపెట్టే పద్ధతి ఆయన పేరుతోనే ఉంది. ఇంటర్వ్యూలకు చదివే ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థీ కొసరాజు ఆల్గారిథం అని కంఠస్థం చేస్తాడు. ఆ పేరులోని మనిషి తెలుగువారని కొందరికి తెలుసు. అదే మనిషి అంతకు ముందే లూప్‌లోంచి బయటపడడం గురించి ఒక సిద్ధాంతాన్ని నిరూపించారని చాలా తక్కువమందికి తెలుసు.

ఆ పని 1973లో ఆస్టిన్ నగరంలో జరిగిన కంప్యూటర్ సిద్ధాంత సదస్సులో వచ్చింది. పూర్తి రూపం 1974 డిసెంబరులో ఒక పరిశోధన పత్రికలో అచ్చయింది. స్ట్రక్చర్డ్ ప్రోగ్రాముల విశ్లేషణ అన్నది దాని శీర్షిక. అందులో ఆయన అడిగిన ప్రశ్న ఇది: కొత్త వేరియబుల్స్ చేర్చకూడదు, ఉన్న పరీక్షలు, ఉన్న పనులు మాత్రమే వాడాలి; అప్పుడు ఏ నిర్మాణాలకు ఎంత శక్తి ఉంది?

మామూలు వైల్ లూప్ తన తలుపు దగ్గర ఒక్కచోటే నిలబడి, పోదామా ఉందామా అని అడుగుతుంది. నిజమైన పనుల్లో లూప్ మధ్యలో రెండు వేర్వేరు చోట్ల నుంచి, రెండు వేర్వేరు కారణాలతో బయటపడవలసి వస్తుంది. అలా రెండు వేర్వేరు నిష్క్రమణలున్న లూప్‌ను ఫ్లాగ్ లేకుండా వైల్‌తో రాయలేం. ఇది మొదటి మెట్టు. తర్వాతిది ఇంకా గొప్పది. లూప్‌లో ఎంత లోతునుంచైనా, ఎన్ని పొరలనైనా దాటి ఒకేసారి బయటపడే సౌకర్యం ఉంటే కొత్త వేరియబుల్ ఒక్కటి కూడా అక్కర్లేదు, గోటూ అక్కర్లేదు. కొన్నిచోట్ల ఒకే కోడ్‌ను రెండుసార్లు రాయవలసి రావచ్చు, అంతే. మూడో ఫలితం, నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది: ఈ శక్తి మెట్లుమెట్లుగా ఉంటుంది. ఏ సంఖ్య తీసుకున్నా, అన్ని పొరలు దాటే బ్రేక్‌తో రాయగలిగి, అంతకన్నా తక్కువ పొరలు దాటే బ్రేక్‌తో రాయలేని ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. రెండు పొరలు దాటే బ్రేక్ ఒక పొర దాటేదానికన్నా నిజంగా శక్తిమంతం, మూడు పొరలది రెండు పొరలదానికన్నా శక్తిమంతం, ఇలా అంతులేకుండా. నేడు దీన్ని కొసరాజు శ్రేణి అంటున్నారు.

ఈ ఫలితం ఎంత గట్టిదో ఒకసారి ఆలోచించండి. లోపలి లూప్‌ను మాత్రమే ఆపే బ్రేక్ ఇచ్చి, మిగతాది మీరే సర్దుకోండి అనే భాష, రాసేవారికి శైలి నేర్పడం లేదు. వారి చేతిలోంచి ఒక శక్తిని తీసేసుకుంటోంది. ఫ్లాగ్‌తో ఆ లోటు పూడ్చుకోవలసి రావడం ప్రోగ్రామర్ చేతకానితనం కాదు, గణితం చెప్పిన నిర్బంధం.

అదే 1973లో పీటర్సన్, కసామి, తోకురా అనే ముగ్గురు కూడా పలు పొరల నిష్క్రమణల శక్తి గురించి రాశారు. 2008లో డెక్స్‌టర్ కోజెన్, సెంగ్ ఈ విషయాన్ని తర్కశాస్త్రం భాషలో మళ్లీ నిరూపించారు. బోమ్, జాకోపినిల సిద్ధాంతాన్ని పాఠ్యపుస్తకాలు చెప్పుకునే తీరులో తీసుకుంటే, కొత్త వేరియబుల్స్ లేనప్పుడు అది నిలబడదని వారు శీర్షికలోనే స్పష్టంగా ప్రకటించారు.

కొసరాజు పరిశోధన వ్యాసం అచ్చయిన 1974 డిసెంబరులోనే డొనాల్డ్ క్నూత్ గోటూతో స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ గురించి సుదీర్ఘమైన సమీక్ష రాశారు. ఆయన ఆసక్తి సిద్ధాంతం కన్నా ఆచరణ మీద. చార్లెస్ జాన్ ప్రతిపాదించిన ఒక నిర్మాణాన్ని అందులో మెచ్చుకున్నారు. లూప్ మొదట్లోనే ఏయే సంఘటనలతో అది ముగియవచ్చో పేర్లు పెట్టి చెప్పడం, లోపల ఆ పేరు పలకగానే బయటపడడం, బయటపడ్డాక ఒక్కొక్క పేరుకు ఏం చేయాలో రాయడం ఆ నిర్మాణం పద్ధతి. మన బజారు ప్రోగ్రాంలో "దొరికింది", "దొరకలేదు" అనేవి రెండు సంఘటనలు. నా దృష్టిలో జాన్ పట్టుకున్న విషయం చాలా విలువైనది. బయటపడడంలో రెండు సగాలున్నాయి. ఎక్కడికి బయటపడాలన్నది ఒకటి. ఏ కారణంతో బయటపడ్డామన్నది రెండోది. చాలా భాషలు మొదటి సగానికే జవాబిచ్చి ఆగిపోయాయి.

ఈ చర్చ 1987 మార్చిలో మళ్లీ రాజుకుంది. ఫ్రాంక్ రూబిన్ అనే ఆయన గోటూ హానికరమనడమే హానికరమని ఒక లేఖ రాశారు. ఆయన తీసుకున్న ఉదాహరణ అచ్చంగా లూప్ లోపలి లూప్ సమస్యే: అంకెల పట్టికలో, అన్నీ సున్నాలే ఉన్న మొదటి అడ్డువరసను కనిపెట్టాలి. ఒక వరసలో సున్నా కాని అంకె కనిపిస్తే, లోపలి లూప్ వదిలి తర్వాతి వరసకు వెళ్లాలి. వరస చివరిదాకా సున్నాలే వస్తే, దాని సంఖ్య రాసి మొత్తం వదిలేయాలి. గోటూతో ఇది పొట్టిగా వస్తుందని, లేకపోతే ఫ్లాగ్‌లతో పెరుగుతుందని ఆయన వాదన. పత్రికకు జవాబులు వెల్లువెత్తాయి. డైక్‌స్ట్రా కూడా ఒక నోట్ రాశారు, ఈ ఉత్తరప్రత్యుత్తరాలు తనకు నిరాశ కలిగించాయని శీర్షికలోనే చెప్పారు. నాకు మాత్రం రూబిన్ ఉదాహరణ మంచి ఉదాహరణే. ఆయన గోటూ కావాలన్నారు కానీ, నిజానికి ఆయనకు కావలసింది బయటి లూప్‌ను పేరుపెట్టి పిలవడం. పేరు ఉంటే ఆ ప్రోగ్రాం గోటూ రూపమంత పొట్టిగానే వస్తుంది. బయటి లూప్‌ను ఉద్దేశించి కంటిన్యూ అనడం ఒకచోట, బ్రేక్ అనడం ఇంకోచోట, పని అయిపోతుంది.

ఇక భాషలు ఎంచుకున్న దారులు చూద్దాం. ఒక పద్ధతి అంకె చెప్పడం. పీహెచ్‌పీలో బ్రేక్ 2 అంటే రెండు పొరలు దాటుతుంది. యూనిక్స్ షెల్‌లోనూ అంతే. రాయడం తేలిక. కానీ ఆర్నెల్ల తర్వాత ఎవరో మధ్యలో ఇంకో లూప్ చేరిస్తే అంకె తప్పుతుంది, ప్రోగ్రాం ఏ హెచ్చరికా లేకుండా వేరే చోటికి వెళ్తుంది. పీహెచ్‌పీలో ఒకప్పుడు ఆ అంకె స్థానంలో వేరియబుల్ కూడా పెట్టనిచ్చేవారు, అంటే ఎన్ని పొరలు దాటుతామో ప్రోగ్రాం నడిచేదాకా ఎవరికీ తెలియదు. 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. తీసేయడమే న్యాయం.

అంకె పద్ధతి సరిగ్గా ఒదిగే చోటు ఒకటుంది, అది మనుషులు రాయని కోడ్. 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో నడుస్తున్న వెబ్‌అసెంబ్లీలో గోటూ లేదు. బ్లాకులు, లూప్‌లు, ఎన్ని పొరలు దాటాలో అంకెతో చెప్పే నిష్క్రమణ ఉన్నాయి. సి లాంటి భాషల్లో రాసినదాన్ని కంపైలర్లు ఈ రూపంలోకి మారుస్తాయి. అక్కడ పొరలు లెక్కపెట్టేది యంత్రం కాబట్టి తప్పు జరగదు. 1973లో బాల్టిమోర్ ఆచార్యుడు చెప్పిన నిర్మాణం, పలు పొరలు దాటే బ్రేక్ ఉంటే గోటూ అక్కర్లేదన్నది, ఈ రోజు కోట్లమంది ఫోన్లలో రోజూ నడుస్తోంది. 2019 డిసెంబరులో అది వెబ్ అధికారిక ప్రమాణం కూడా అయింది.

రెండో పద్ధతి పేరు పెట్టడం. 1983 ప్రమాణంలో అడా భాష దీన్ని చాలా శ్రద్ధగా చేసింది. లూప్‌కు పేరు పెడితే అది ముగిసేచోట కూడా అదే పేరు మళ్లీ రాసి తీరాలి. కాబట్టి ఏ పేరుతో బయటపడతామో, దాని హద్దు ఎక్కడో కంటికి కనిపిస్తుంది. ఫోర్‌ట్రాన్ 90 కూడా పేరున్న లూప్‌లు తెచ్చింది. పెర్ల్, జావా, జావాస్క్రిప్ట్, గో, కోట్లిన్, స్విఫ్ట్, రస్ట్ అన్నీ ఈ దారివే. జావా గోటూ అనే మాటను ఎవరూ వాడకుండా రిజర్వు చేసిపెట్టి, దాని స్థానంలో లేబుల్‌తో బ్రేక్, లేబుల్‌తో కంటిన్యూ ఇచ్చింది. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడ ఒకచోట తడబడతారు. లేబుల్ లూప్ పైన ఉంటుంది, బ్రేక్ అంటే లూప్ కిందికి వెళ్తుంది. పైకి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుందేమో అనుకుంటారు. గోటూ లేబుల్ ఒక చిరునామా, బ్రేక్ లేబుల్ ఒక లూప్ పేరు. ఈ తేడా ఒకసారి విడమరచి చెబితే మళ్లీ తడబడరు.

రస్ట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ షరతు లేని లూప్ నుంచి బయటపడుతూ ఒక విలువను కూడా తీసుకెళ్లవచ్చు. 2022లో వచ్చిన 1.65 వెర్షన్ నుంచి మామూలు బ్లాకుకు కూడా పేరు పెట్టి, దానిలోంచి విలువతో బయటపడవచ్చు. జాన్ చెప్పిన రెండో సగం, అంటే ఏ కారణంతో బయటపడ్డామన్నది, ఇక్కడ తీరుతుంది. నాకు తెలిసినంతలో ఈ సమస్యకు ఇంతకన్నా పూర్తి పరిష్కారం వాడుకలో ఉన్న పెద్ద భాషల్లో లేదు. జూలియా భాషలో ఇంకో ముచ్చటైన ఏర్పాటుంది. రెండు లూప్‌లను ఒకే ఫర్ వాక్యంలో కామా పెట్టి రాస్తే, లోపల రాసిన బ్రేక్ మొత్తాన్నీ ఆపేస్తుంది.

పేర్లున్న భాషల్లో కూడా పేరు రాయకపోతే ప్రమాదమే. గోలో ఎడతెగని ఫర్ లూప్ లోపల సెలెక్ట్ పెట్టి, దాని లోపల బ్రేక్ రాస్తే సెలెక్ట్ మాత్రమే ముగుస్తుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది. అనుభవజ్ఞులు కూడా ఈ తప్పు చేస్తారు. బ్రేక్ దేన్ని ఉద్దేశించిందో పైకి చెప్పకపోవడం ఎంత నష్టం చేస్తుందో 1990 జనవరి 15న అమెరికాలో తెలిసింది. ఏటీ అండ్ టీ సంస్థ దూరప్రాంత టెలిఫోన్ వ్యవస్థ దాదాపు 9 గంటలు కుదేలైంది. 114 స్విచింగ్ కేంద్రాలు ఒకదాన్నొకటి పడగొట్టుకున్నాయి. మూలం సి భాషలోని ఒక బ్రేక్. స్విచ్ వాక్యంలో ఇఫ్ లోపల ఉన్న ఆ బ్రేక్, రాసినవారు అనుకున్నంతవరకే కాక, స్విచ్ మొత్తాన్ని దాటించేసింది. అది లూప్‌ల కథ కాదు కానీ, జబ్బు ఒకటే.

మూడో వర్గం పేరూ ఇవ్వనివి, అంకే ఇవ్వనివి: సి, సి ప్లస్ ప్లస్, సి షార్ప్, పైథాన్. మొదటి మూడింటిలో గోటూ ఉంది. కెర్నిఘన్, రిచీల సి పుస్తకమే, లోతైన లూప్‌ల నుంచి ఒకేసారి బయటపడడాన్ని గోటూకు దక్కే కొద్దిపాటి న్యాయమైన వాడకాల్లో ఒకటిగా చూపింది. ఆ పుస్తకాన్ని సిలబస్‌లో పెట్టుకున్న మన కాలేజీలు వైవాలో మాత్రం గోటూ కనిపిస్తే మార్కులు తీసేస్తాయి. పైథాన్‌లో గోటూ కూడా లేదు. 2007లో మ్యాట్ చిజమ్ లేబుల్ ఉన్న బ్రేక్, కంటిన్యూ కావాలని 3136 నంబరు ప్రతిపాదన పెట్టారు. భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తిరస్కరించారు. ఇది నిజంగా అవసరమయ్యేంత చిక్కు కోడ్ అరుదని, రిటర్న్ లాంటి దారులు ఉన్నాయని, కొత్త సౌకర్యాన్ని మంచికన్నా చెడుకే ఎక్కువ వాడతారని ఆయన భయం.

ఆయన మాటలో సగం నేను ఒప్పుకుంటాను. వెతికే మూడు లూప్‌లనూ ఒక ఫంక్షన్‌లో పెట్టి, దొరకగానే ఆ జతను రిటర్న్ చేస్తే, ఎక్కడికి బయటపడాలన్నదీ తీరుతుంది, ఏం దొరికిందన్నదీ తీరుతుంది. చాలాసార్లు అదే అన్నిటికన్నా శుభ్రమైన దారి, ఎందుకంటే వెతకడం అనే పనికి ఒక పేరు వస్తుంది. ఇటర్‌టూల్స్‌లోని ప్రోడక్ట్‌తో రెండు లూప్‌లను ఒకటిగా మార్చుకోవచ్చు, కానీ లోపలి జాబితా బయటిదాని మీద ఆధారపడితే అది పనికిరాదు. లూప్ బ్రేక్ లేకుండా ముగిసినప్పుడే నడిచే ఎల్స్ భాగం పైథాన్‌లో ఉంది, దానితోనూ కథ నడిపించవచ్చు, చదివేవారు మాత్రం ప్రతిసారీ ఆగి ఆలోచించుకోవాలి. ఎక్సెప్షన్ విసిరి పైన పట్టుకోవడం కూడా చేస్తారు. తప్పు జరిగిందని చెప్పే సాధనాన్ని, వెతికింది దొరికిందని చెప్పడానికి వాడడం నాకు నచ్చదు. మిగిలిన సగం దగ్గర గైడోతో నేను విభేదిస్తాను. బయటి లూప్‌లో తర్వాతి మెట్టుకు వెళ్లవలసినప్పుడు, లూప్‌లు అరడజను స్థానిక వేరియబుల్స్‌ను మారుస్తున్నప్పుడు, ఫంక్షన్‌గా విడదీయడం కృత్రిమంగా తయారవుతుంది. దుర్వినియోగం చేస్తారన్న భయంతో తీసేసిన సౌకర్యం స్థానంలో వచ్చేవి ఫ్లాగ్‌లు, ఎక్సెప్షన్లు. అవి అంతకన్నా ఎక్కువగా దుర్వినియోగమవుతున్నాయి.

చదువు చెప్పేవారు పట్టించుకోవలసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. 1983లో సోలోవే, బోనార్, ఎర్లిక్ ఒక ప్రయోగం చేశారు. లూప్ మధ్యలోంచి బయటపడే వీలున్న పాస్కల్ రూపాన్ని ఇచ్చినప్పుడు, మామూలు పాస్కల్‌తో కన్నా ఎక్కువమంది విద్యార్థులు సరైన ప్రోగ్రాములు రాశారు. మనిషి ఆలోచించే తీరుకు ఏది దగ్గరగా ఉంటే దాంట్లో తప్పులు తగ్గుతాయి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఎరిక్ రాబర్ట్స్ 1995లో ఈ ఆధారాలు ముందుపెట్టి, ఒకే నిష్క్రమణ నియమాన్ని పునరాలోచించమని అధ్యాపకులను కోరారు. వాహనాల సాఫ్ట్‌వేర్ రాసేవారు పాటించే మిస్రా నియమావళి, 2012 రూపంలో, ఒక లూప్‌ను ముగించడానికి ఒకటికి మించి బ్రేక్ గానీ గోటూ గానీ వాడవద్దని సలహా ఇస్తుంది. అది కట్టడే అయినా, ఒక్క బ్రేక్ కూడా రాయొద్దనే మన వైవా నియమం కన్నా సడలింపే.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది బ్రేక్ రాయడానికే జంకుతారు. "సార్, మార్కులు పోతాయి కదా" అంటారు. దానికి బదులు బయటి లూప్ వేరియబుల్‌కు చివరి విలువ ఇచ్చి, అది ఆగేలా చేస్తారు. ఇది ఫ్లాగ్ కన్నా హీనమైన పద్ధతి. ఏ దుకాణంలో దొరికిందన్న సమాచారమే అందులో చెరిగిపోతుంది. పైథాన్‌లోనైతే రేంజ్ మీద నడిచే ఫర్ దాన్ని లెక్కచేయదు, లూప్ ఆగదు. భయం నేర్పినప్పుడు పిల్లలు ఇలాంటి దొడ్డిదారులు వెతుక్కుంటారు. ఫంక్షన్‌గా విడదీయగలిగితే విడదీయండి, లేకపోతే లూప్‌కు పేరు పెట్టండి, పేరు ఇవ్వని భాషలో ముందుకు మాత్రమే దూకే ఒకే ఒక గోటూ రాయండి, ఫ్లాగ్‌ను ఆఖరున ఉంచండి అని నేను చెబుతాను. ఈ వరసకు ఆధారం నా ఇష్టం ఒక్కటే కాదు, పైన చెప్పిన సిద్ధాంతం.

సి భాష విషయంలో ఇప్పుడు నిజమైన మార్పు వచ్చింది. 2024లో ప్రమాణాల సంఘం, సి తర్వాతి ప్రమాణం కోసం, పేరున్న లూప్‌ల ప్రతిపాదనను ఆమోదించింది. జావాలో లాగే లూప్ ముందు పేరు, కోలన్ పెట్టి, లోపల బ్రేక్ పక్కన ఆ పేరు రాస్తే చాలు. 2025లో విడుదలైన జీసీసీ 15 దీన్ని అప్పుడే అమలుచేసింది, కొత్త ప్రమాణాన్ని ఎంచుకుని కంపైల్ చేస్తే ఏ ల్యాబ్‌లోనైనా నడుస్తుంది. సి పుట్టిన యాభై ఏళ్లకు వచ్చిన ఈ సౌకర్యాన్ని పాఠంలో చేర్చేటప్పుడు, డైక్‌స్ట్రా లేఖ, బోమ్-జాకోపిని సిద్ధాంతం చెప్పే అదే యూనిట్‌లో కొసరాజు శ్రేణికి కూడా ఒక పేజీ ఇవ్వాలని సిలబస్ కమిటీలను కోరుతున్నాను. మూడో ఏడాది గ్రాఫ్‌ల పాఠం దాకా ఆ పేరు ఆగనక్కర్లేదు.